చలిదేశమున మోటారు బండి: ఇంజను హీటరు నెన్నుకొనుట

శ్రోతలలో పలువురి పిల్లలు ఈనాడు కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను ఉద్యోగములు చేసికొనుచున్నారు. మరికొందరి పిల్లలు సైన్యములో చేరి లడఖ్ కొండలలో బండ్లు నడుపుచున్నారు. వారితో ఫోనులో మాటలాడునపుడు చలి ప్రస్తావన వచ్చినచో మనము స్వెట్టరు కొంటివా, కంబళి చాలునా అని యడుగుదుము. బండికి ఏమి తొడిగితివని అడుగువారము కాము. ఆ ప్రశ్నకు ఎంత విలువ కలదో మేమును ఒక ఉదయమున కన్నులార చూచువరకు ఎరుగము.

కొన్నేండ్ల క్రిందట ఒక జనవరి మాసమున సెలవుపై కెనడాలోని విన్నిపెగ్ నగరమునకు పోయి మా మేనకోడలి యింట మూడు వారములు గడిపితిమి. ఆ పిల్ల అక్కడ ఆస్పత్రిలో నర్సు. ఉదయము 7 గంటలకు ఆమె డ్యూటీలో ప్రవేశించిన పిదపగాని, రాత్రి పన్నెండు గంటలు పనిచేసిన నర్సు ఇంటికి పోవుటకు వీలులేదు. మేము వెళ్ళిన నాలుగవ దినమున బయట సున్నకు దిగువ 34 డిగ్రీలు. సెంటీగ్రేడు లెక్కయే సుమా. మేనకోడలు కారులో కూర్చుండి సెల్ఫు కొట్టినది. ఇంజను ఒక్కసారి మూలిగినది. రెండవసారి కొట్టగా ఆ మూలుగును లేదు. టక్కుమను శబ్దము మాత్రము వినవచ్చినది. మన ఊళ్ళలోవలె నలుగురిని పిలిచి త్రోయింతమన్నచో ఆ మంచులో కాలు నిలుచునా? పైగా అది గేర్లు వానియంతట మారు బండి, త్రోసినను కదలి ప్రయోజనము లేదు. టాక్సీ వచ్చుసరికి ఏబది నిమిషములు పట్టినది. ఆనాడు బండ్లు కదలని ఇండ్లు ఎన్నియో, టాక్సీలకు గిరాకీ యంతయు అప్పుడే. సాయంకాలము ఇంటికి వచ్చి, "మామయ్యా, ఆ రాత్రి నర్సు నన్ను ఒక్కమాట అనలేదు. అందుకే నాకు మరింత బాధగా నున్నది" అన్నది.

ఆ ఊరిలో కార్లన్నింటికి ముందు జాలీనుండి చిన్న కరెంటు తీగ యొకటి వ్రేలాడుచుండును. క్రొత్తగా చూచువారు ఇవి యన్నియు విద్యుత్తుతో నడచు కార్లేమో యనుకొందురు. మేమును అట్లే అనుకొంటిమి. అది ఇంజనును రాత్రివేళ వెచ్చగా నుంచు హీటరు తీగ. మా మేనకోడలి కారుకు ఆ తీగ లేదు. పడమటి సముద్రతీరమున వాంకూవరు ప్రాంతములో వాడిన బండిని ఆమె చవుకగా కొన్నది. అక్కడ చలి స్వల్పము. హీటరు లేకయే బండ్లు అమ్ముడుపోవును. చవుక బేరములో ఉన్న కిటుకు ఇది.

సరే, హీటరు కొందమని బజారునకు పోయితిమి. దుకాణములో రకరకములుగా నున్నవి. వెలను చూచి, సులువును చూచి, అయస్కాంతముతో అంటుకొను హీటరు నొకదానిని మేమే ఏరి తెచ్చితిమి. ఇంజను అడుగున నూనెతొట్టికి దీనిని అంటించి ప్లగ్గు పెట్టిన చాలునట. మంచులో వెల్లకిల పండుకొని అంటించబోయితిమి. అది అంటుకొనదు! చేయి తీసిన క్షణమున మా మొగము పక్కనే పడినది. ఆ కారు నూనెతొట్టి ఇనుముది కాదు, అల్యూమినియముది. అయస్కాంతము అల్యూమినియమును పట్టదని ఎనిమిదవ తరగతిలో చదివిన మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఈ కాలపు కార్లలో అనేకములకు ఆ తొట్టి అల్యూమినియముతో గాని, కొన్నింటికి ప్లాస్టిక్కుతో గాని చేయుదురు. కనుక కొనుటకు ముందు ఒక చిన్న అయస్కాంతమును అక్కడ తాకించి చూచుట మంచిది.

ఆ మరునాడు ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు పోయితిమి. ఉక్రెయిన్ నుండి వలస వచ్చిన కుటుంబమువాడు, మాటకారి. ఎన్ని వాట్ల హీటరు మంచిదని మేము అడిగితిమి. ఆయన దానికి సమాధానమీయక, "మీ బండి రాత్రి ఎక్కడ పండుకొనును?" అని యడిగెను. మాకు నవ్వు వచ్చినది. కాని మూడు వారములలో ఈ విషయమునుగూర్చి మేము వినిన మాటలలో అంత పనికివచ్చిన మాట మరియొకటి లేదు. బండి నిలుచు చోట ప్లగ్గు కలదా? కలిగినచో అందు కరెంటు రాత్రంతయు వచ్చునా, లేక ఖర్చు తగ్గించుటకై ఇంటివారు కొంతసేపు ఇచ్చి కొంతసేపు ఆపుదురా? పగలు ఆస్పత్రివద్ద పది పన్నెండు గంటలు నిలిచినపుడు అక్కడ ప్లగ్గు కలదా? వీనికి జవాబు తెలిసిన పిదపగాని హీటరు పేరు ఎత్తరాదని ఆయన మతము. వాట్లను చూచి కొనుట, కాలు కొలువక చెప్పులు కొనుటవంటిది.

ఇంతకు చలికి ఇంజను ఏల మొరాయించును? కారణము ఒకటి కాదు. మన ఇండ్లలో పుష్యమాసపు ఉదయమున కొబ్బరినూనె సీసాలో పేరుకొని పోవును గదా. సీసాను ఎండలో పెట్టి కరగించుకొందుము. ఇంజనులోని నూనె అంత గట్టిగా పేరుకొనదు గాని తేనెవలె, పిమ్మట పాకమువలె చిక్కబడును. ఇరుసులు ఆ పాకములో తిరుగవలెను. తిప్పవలసిన బ్యాటరీకి అదే సమయమున నీరసము. లోపలి రసాయనక్రియ చలికి మందగించుటచే, సున్నకు దిగువ 18 డిగ్రీలకు వచ్చుసరికి బ్యాటరీ తన శక్తిలో సగము ఈయుటయు కష్టము. భారము పెరిగినపుడే బలము తగ్గినదన్నమాట. ఇక పెట్రోలు చల్లని గోడలపై ఆవిరి కాక తడిగా నిలిచిపోవును. డీజిలులోనైతే మైనము పలుకులుగా ఏర్పడి వడపోత గుడ్డను మూసివేయును.

అందుచే ఏది చల్లబడి బండి ఆగుచున్నదో చూచుకొనవలెను. ఇంజనును ఎంత వెచ్చచేసినను, డీజిలు ట్యాంకులోనే పేరుకొన్నచో ప్రయోజనము లేదు. దానికి మందు హీటరు కాదు, చలికాలపు డీజిలు. అట్లే ఆరేండ్లు వాడి అలసిన బ్యాటరీకి హీటరు ప్రాణము పోయజాలదు. నూనె విషయములో డబ్బాపై నుండు అంకెను చదువవలెను. 15 డబ్ల్యు అని యున్న నూనె సున్నకు దిగువ 25 డిగ్రీలవరకే పంపునకు లొంగును. 5 డబ్ల్యు నూనె 35 వరకు, 0 డబ్ల్యు నూనె 40 వరకు లొంగును. డబ్ల్యు అనగా ఇంగ్లీషులో శీతకాలమునకు తొలి అక్షరము. మా మేనకోడలి బండిలో తీరప్రాంతమువారు పోసిన నూనె 10 డబ్ల్యు. దానిని మార్చుటయే మెకానిక్కు చేసిన మొదటి పని. ఆ ఖర్చు స్వల్పము, ఫలితము వెంటనే.

ఇంజనుకు కరెంటు పెట్టి వెచ్చచేయు ఉపాయము ప్రచారమునకు వచ్చినది ఆ విన్నిపెగ్‌కు దక్షిణమున, సరిహద్దు కావలనున్న ఉత్తర డకోటా రాష్ట్రమునుండియే. అంతకు పూర్వము ఆ దేశపు వైమానికులు రాత్రి దిగగానే ఇంజనులోని నూనెను డబ్బాలోనికి దింపి, గుడిసెలోనికి తెచ్చి, తెల్లవారగనే పొయ్యిపై వెచ్చచేసి మరల పోసికొనెడివారు. ఇంజనుకు కాన్వాసు గుడారము కప్పి దాని క్రింద కుంపటి పెట్టెడివారు. గ్రాండ్ ఫోర్క్స్ పట్టణమున గ్రామ విద్యుత్ సహకార సంస్థకు మేనేజరుగా నుండిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజను తలను బిగించు బోల్టులలో ఒకదానిని తీసి, ఆ స్థానమున వేడెక్కు బోల్టును బిగించు ఉపాయము కనిపెట్టెను. దానికి 1949లో పేటెంటు లభించినది. ఊరూర కరెంటు అమ్మవలసిన మనిషికే ఈ ఆలోచన తట్టుట మాకు వింతగా తోచలేదు.

నేడు ఎక్కువగా వాడునది బోల్టు కాదు. ఇంజను దిమ్మెను పోతపోయునపుడు లోపలి ఇసుకను తీయుటకై గుండ్రని రంధ్రములు విడిచి, పిమ్మట రేకు బిళ్ళలతో మూయుదురు. అట్టి బిళ్ళ నొకదానిని తీసి హీటరును అందు అమర్చుదురు. దాని వేడితీగ నేరుగా ఇంజను చుట్టు నుండు నీటిలో మునిగి యుండును. కార్లకు 400 మొదలు 600 వాట్లు చాలును. పెద్ద లారీ ఇంజన్లకు వెయ్యి, అంతకు మించియు నుండును. రాత్రి నిలుచు చోట ప్లగ్గు గలవారికి మా ఓటు దీనికే. వేడి పుట్టవలసిన చోటనే పుట్టును, వృథా తక్కువ, కదలు భాగము లేదు. అయితే అమర్చుట పూటపని, నీరు దింపవలెను. మరల నింపునపుడు లోపల గాలి బుడగ నిలిచినచో వేడితీగ గాలిలో కాలి మాడిపోవును. కనుక గాలిని పూర్తిగా వెడలించిన పిదపగాని ప్లగ్గు పెట్టరాదు. నీరన్నది మాటవరుసకే, అందు సగము గ్లైకాలు ద్రవము కలపవలెను. సగపాలు కలిపినచో సున్నకు దిగువ 37 డిగ్రీలవరకు గడ్డకట్టదు. అంతకు మించిన చలిగల చోట నూటికి 60 పాళ్ళు కలుపుదురు.

బిళ్ళ రంధ్రము చేతికందని ఇంజన్లు కొన్ని గలవు. వానికి రేడియేటరు క్రింది రబ్బరు గొట్టమును కోసి మధ్యన అమర్చు హీటరు దొరకును. పనిచేయును గాని, వేడినీరు తనంతట పైకెక్కునట్లు ఎత్తుపల్లములు చూచి పెట్టవలెను. తలక్రిందైనచో అదొక్కటియే ఉడుకుచుండును, ఇంజను చల్లగనే యుండును. నూనెతొట్టికి జిగురుతో అంటించు రబ్బరు పలక 100 మొదలు 250 వాట్లది. అల్యూమినియము తొట్టికిని ఇది పట్టును. నీటి హీటరుకు తోడుగా ఇది ఎంతో మేలు. ఒంటరిగా కారు ఇంజనుకు నెమ్మదిగా పనిచేయును. గాలితో చల్లబడు ఇంజన్లకు నీరే లేదు గావున వానికి ఈ పలకయే గతి. నూనె కొలుచు పుల్లస్థానమున దూర్చు కాల్చుకడ్డీ హీటరు చవుక. దానిని మేము సిఫారసు చేయము. వేడి యంతయు ఒక్క చోటనే నిలిచి అక్కడి నూనెను మాడ్చును; తక్కిన నూనె దాని సంగతి ఎరుగదు. బ్యాటరీకి చుట్టు దుప్పటివంటి హీటరు 80 వాట్లదో, ఆ ప్రాంతముదో దొరకును. 30 డిగ్రీలకు దిగువ చలిగల ఊళ్ళలో దానిని విలాసమనరాదు.

ఎక్కువ వాట్లు మంచివి కావా అని శ్రోతలు అడుగవచ్చును. ఇంజను వేడెక్కినకొలది బయటి గాలికి వేడిని పోగొట్టుకొనుచుండును. రెండు మూడు గంటలలో రాకపోకలు సమానమగును. ఆ పైన రాత్రంతయు ప్లగ్గు పెట్టినను వెచ్చదనము పెరుగదు, కరెంటు లెక్క మాత్రము పెరుగును. 400 వాట్ల హీటరు 3 గంటలకు ఒక యూనిటు పైన స్వల్పముగా తీసికొనును. 750 వాట్ల దానిని సాయంకాలము పెట్టి 12 గంటలు విడిచినచో 9 యూనిట్లు. నెల తిరుగుసరికి భేదమెంతయో గృహిణులు మనకంటె త్వరగా చెప్పగలరు. అందుచే హీటరుతోపాటు గడియారపు స్విచ్చు నొకదానిని కొనవలెను. బయలుదేరుటకు 2, 3 గంటల ముందు అది తనంతట వెలిగించును. ఫిన్లండులో కారు నిలుపు చోట్ల స్తంభములకు ఈ గడియారములు అమర్చియే యుండును. కెనడా ప్రభుత్వపు సహజవనరుల శాఖవారు, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో హీటరు వాడినచో ఇంధనమున నూటికి 10 పాళ్ళవరకు ఆదా కావచ్చునని చెప్పుచున్నారు. దానికి బదులు అరగంటసేపు ఇంజనును వట్టిగా తిప్పుచు వెచ్చచేయువారు కలరు. మూసిన గ్యారేజీలో అట్లు చేసి విషవాయువునకు ప్రాణములు కోల్పోయినవారును కలరు. ఇది మాత్రము ఎవరికైనను గట్టిగా చెప్పవలసిన మాట.

ఇక ప్లగ్గు లేనివారి మాట. వీధిలో బండి నిలుపువారు, ఊరికి దూరముగా పనిచేయువారు, దూరపు లారీవారు కలరు. వీరికి ఇంధనముతో మండు హీటరు తగినది. జర్మనీలోని వెబాస్టో, ఎబర్‌స్పేషర్ సంస్థలు వీనికి ప్రసిద్ధి. బండి ట్యాంకులోని పెట్రోలునో డీజిలునో కొంచెము కొంచెముగా తీసికొని చిన్న పొయ్యిలో మండించి ఇంజను నీటిని వేడిచేయును. గంటకు ఖర్చు సుమారు అర లీటరు. ఇంజనుతోపాటు లోపలి ఆసనములును వెచ్చనగును, అద్దముల మంచు కరగును. సుఖమునకు ఇది రాజు. వెల మాత్రము కరెంటు హీటరునకు ఎన్నో రెట్లు. మరియొక చిక్కు కలదు. దీని పంపు, పంకా బ్యాటరీ మీదనే తిరుగును. పది నిమిషముల దూరము పోవువారు ప్రతిదినము అరగంట దీనిని మండించినచో, ఇంజను వెచ్చగనే యుండును గాని బ్యాటరీ వట్టిపోవును. ఎంతసేపు మండించితిమో కనీసము అంతసేపు బండి నడుపవలెనని అక్కడివారి నియమము. దీని పొగగొట్టము బండి వెలుపలికి తిన్నగా పోవునట్లు చూచుకొనవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

లడఖ్ సంగతియు ఇందు చేరినదే. సముద్రమట్టమునకు 3,500 మీటర్ల ఎత్తున నున్న లేహ్ పట్టణమున, అంతకంటె చలిగల ద్రాస్ లోయలో, తెల్లవారుజామున లారీ క్రింద మంట పెట్టి ఇంజనును, డీజిలు ట్యాంకును కాచుట డ్రైవర్లలో పాత అలవాటు. అది చూచినవారి గుండె ఝల్లుమనును. కారుచున్న నూనెకు ఒక్క నిప్పురవ్వ చాలును. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు దిగువ 33 డిగ్రీలవరకు పేరుకొనని ప్రత్యేకపు డీజిలును అక్కడ ప్రవేశపెట్టుటతో ట్యాంకు క్రింద మంటకు అవసరము తగ్గినది. ఇంజనుకు మాత్రము వెచ్చదనము కావలసియే యున్నది. కెనడాలోని అన్న లడఖ్‌లోని తమ్మునికి హీటరు పంపుదమని తలచినచో ఒక జాగ్రత్త. కెనడా కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి 400 వాట్ల హీటరును ఇక్కడ పెట్టినచో 1,400 వాట్లకు పైగా లాగి క్షణములో కాలిపోవును. నార్వే, ఫిన్లండు దేశముల సరకు మన వోల్టులకు సరిపోవును.

విద్యుత్తు కార్లు కొన్నవారికి ఈ హీటర్లతో పనిలేదు. వానిలో అనేకములకు బ్యాటరీని వెచ్చచేయు ఏర్పాటు లోపలనే యుండును. బయలుదేరుటకు ముందు, ప్లగ్గులో నున్నపుడే ఆ పని చేయించినచో దారిలో దూరము అంతగా తగ్గదు.

మా మేనకోడలి కారునకు మెకానిక్కు 400 వాట్ల బిళ్ళ హీటరును, బ్యాటరీకి దుప్పటిని అమర్చెను. భూతీగతో మూడు తీగలు గల, చలికి బిరుసెక్కని మందపు తీగను ఇచ్చి, ఇంటిలో వాడు సన్నని తీగను ఎన్నడును వాడవద్దనెను. హీటరు బాగున్నదో లేదో తెలిసికొను ఉపాయము గూడ చూపెను. మీటరు పెట్టినచో ఆ దేశపు 400 వాట్ల హీటరు సుమారు 36 ఓములు చూపవలెను. ఏమియు చూపనిచో తీగ ఎక్కడనో తెగినదన్నమాట. హీటరు పనిచేయుచున్నదను నమ్మకముతో తెగిన తీగకు చలికాలమంతయు ప్లగ్గు పెట్టినవారిని ఆయన ఎందరినో ఎరుగునట.

సోమవారము ఉదయము సున్నకు దిగువ 31 డిగ్రీలు. తెల్లవారుజాము 3 గంటల 45 నిమిషములకు గడియారపు స్విచ్చు టక్కుమన్నది. మేము మేలుకొనియే యుంటిమి. 6 గంటల 20 నిమిషములకు సెల్ఫు కొట్టగా రెండవ చుట్టులో ఇంజను అందుకొన్నది. మేనకోడలు కిటికీలోనుండి చేయి ఊపి, సంతోషముతో బండిని కదిలించినది. ప్లగ్గు తీయుట మరచినది. తీగ బిగిసి, స్తంభమునుండి ఊడి, బండి వెంబడి మంచుపై ఈడ్చుకొని పోవుచుండగా మేము చెప్పులతోనే వెనుక పరుగెత్తి ఆపితిమి. ప్లగ్గు కొన పగిలిపోయినది. సాయంకాలము దానిని చూచి మెకానిక్కు నవ్వి, హీటర్లకంటె తీగ కొనలే తాను ఎక్కువగా అమ్ముదునని చెప్పెను. క్రొత్త కొన బిగించి, ప్లగ్గు పెట్టిన ప్రతిరాత్రి తీగను డ్రైవరు వైపు అద్దము మీదుగా ఒక చుట్టు త్రిప్పి పెట్టుమని ఆమెకు నేర్పెను. తలుపు తీయుటకు ముందు ఆ చుట్టు చేతికి తగులవలెనట.